ఇంకో గది కోసం: ఇంటి నుంచి పని, హైదరాబాద్‌లో ఇళ్ల గిరాకీ, గృహ కార్యాలయ నిర్మాణం

సంగ్రహం

ఇంటి నుంచి పని పెరిగితే జనం ఆఫీసుకు దూరంగా, ధర తక్కువ ఉన్న చోట, పెద్ద ఇల్లు చూసుకుంటారని నగర అర్థశాస్త్రం అంచనా వేస్తుంది. 2020 తర్వాత అమెరికాలో దాదాపు అదే జరిగింది. హైదరాబాద్‌లో మాత్రం ఈ గిరాకీ దూరం వైపు కంటే అదనపు గది వైపే ఎక్కువ మొగ్గిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తోంది. కంపెనీ హాజరు నిబంధన ఏ రోజైనా మారవచ్చు. ఇంటి రుణం ఇరవై ఏళ్లు వెంట ఉంటుంది. ఈ తేడా వల్లే కొనుగోలుదారు దూరం పోవడానికి వెనకాడి, ఏ పరిస్థితిలోనైనా అక్కరకొచ్చే గదికి డబ్బు పెడుతున్నాడు. అలా వచ్చిన గది పది అవసరాలకు సర్దుకోవాల్సి రావడంతో పనికి కావలసిన తలుపు, నిశ్శబ్దం, వెలుతురు, చల్లదనం అందులో కుదరడం లేదు. కాబట్టి నివాస విధానం ఊళ్ల మధ్య జనం కదలికతో పాటు ఇంటి లోపలి గది నాణ్యతను కూడా పట్టించుకోవాలన్నది ఈ వ్యాసం సారాంశం.

కీలక పదాలు: ఇంటి నుంచి పని, హైబ్రిడ్ హాజరు, గృహ గిరాకీ, గృహ కార్యాలయం, హైదరాబాద్ ఐటీ కారిడార్, భవన నియమావళి

1. ప్రవేశిక

2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలయ్యాక మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో జరిగే పని కొద్ది వారాల్లోనే కొండాపూర్ ఫ్లాట్లకు, నిజాంపేట అద్దె ఇళ్లకు, భీమవరం, ఒంగోలు, కరీంనగర్ డాబా ఇళ్లకు చేరింది. ఆలోచన మాత్రం కొత్తది కాదు. అమెరికాలో జాక్ నిల్స్ 1973 నుంచే ‘టెలికమ్యూటింగ్’ గురించి పరిశోధన చేశాడు. ఉద్యోగి పని దగ్గరికి వెళ్లే బదులు పనే ఉద్యోగి దగ్గరికి వస్తే రోడ్ల మీద రద్దీ, పెట్రోలు ఖర్చు తగ్గుతాయన్నది అతని వాదన. 1976లో సహచరులతో కలిసి దాన్ని పుస్తకంగా తెచ్చాడు. అయితే నిల్స్ దృష్టిలో ఇల్లొక్కటే గమ్యం కాదు. ఇళ్లకు దగ్గరగా ఉండే చిన్న ఉప కార్యాలయాలకు అతను పెద్దపీట వేశాడు. ఈ సంగతి మళ్లీ విధానాల చర్చలో అవసరపడుతుంది.

మన దేశంలో నిబంధనలు ఈ మార్పు వెనకాలే నడిచాయి. కాల్ సెంటర్లు, బీపీవోల సిబ్బంది ఇంటి నుంచి పనిచేయడం మీద ఉన్న ఆంక్షలను టెలికాం శాఖ 2020 నవంబరులో బాగా సడలించింది. ప్రత్యేక ఆర్థిక మండళ్లలోని యూనిట్లు తమ సిబ్బందిలో సగం మంది వరకు, గరిష్ఠంగా ఏడాది పాటు, ఇంటి నుంచి పనిచేయించుకోవచ్చని 2022 జులైలో నియమం వచ్చింది. ఈ నిబంధనలు పని ఎక్కడ జరగవచ్చో చెప్పాయి. ఆ పని జరిగే గది ఎలా ఉండాలన్నది వాటి పరిధిలో లేదు.

ఈ వ్యాసం రెండు ప్రశ్నలు తీసుకుంటుంది. ఇంటి నుంచి పని ఇళ్ల గిరాకీని ఎటు నడిపింది? ఆ గిరాకీ ఇంటి లోపల ఎలాంటి గదిగా మారింది? ఇందుకు ప్రచురిత ఆర్థిక పరిశోధనలు, భారత జాతీయ భవన నియమావళి, ప్రభుత్వ గణాంకాలు, హైదరాబాద్ మార్కెట్లో సాధారణంగా కనిపించే ఫ్లాట్ ప్లాన్లు ఆధారం. ఇది క్షేత్ర సర్వే కాదు; ఉన్న ఆధారాలను ఒకచోట చేర్చి చేసిన విశ్లేషణ.

2. సిద్ధాంతం చెప్పేది

విలియం అలొన్సో 1964లో వేసిన పునాది మీద ఎడ్విన్ మిల్స్, రిచర్డ్ మ్యూత్ నిర్మించిన నగర నమూనాలో ఇంటి ధర ఒక బేరం. ఉద్యోగ కేంద్రానికి దగ్గరుంటే ప్రయాణం ఆదా, ధర ఎక్కువ. దూరం పోతే ప్రయాణం భారం, ధర తక్కువ. దూరంతో ధర ఎంత వేగంగా పడిపోతుందన్నది రెండింటి మీద ఆధారపడుతుంది: ప్రయాణ ఖర్చు, కుటుంబానికి కావలసిన నివాస స్థలం. ఇంటి నుంచి పని ఈ రెండింటినీ ఒకేసారి కదిలిస్తుంది. వారానికి ప్రయాణాలు తగ్గుతాయి, ఇంట్లో కావలసిన చోటు పెరుగుతుంది. రెండూ ఒకే దిశలో లాగుతాయి కాబట్టి జనం కేంద్రం నుంచి బయటికి జరగాలి, శివారు ధరలు కేంద్రం ధరలకు దగ్గరవ్వాలి.

చిన్న లెక్కతో ఇది తేటపడుతుంది. ఆఫీసుకు అరగంట దూరంలో ఉంటూ వారానికి ఐదు రోజులు వెళ్లే ఉద్యోగికి రానూపోనూ కలిపి 300 నిమిషాలు ఖర్చవుతాయి. గంటంబావు దూరంలో ఉంటూ వారానికి రెండు రోజులే వెళ్లే ఉద్యోగికీ అదే 300 నిమిషాలు. హైబ్రిడ్ హాజరు ఉంటే కొండాపూర్‌లో ఉన్నా, ఔటర్ రింగ్ రోడ్డు దాటి శంకర్‌పల్లిలో ఉన్నా వారం మొత్తం మీద రోడ్డు మీద గడిపే సమయం సమానం కావచ్చన్నమాట. ప్రయాణం తప్పడం వల్ల కలిసొచ్చే సమయం భారతీయులకు తక్కువేమీ కాదు. 27 దేశాల మీద ఆక్సోయ్, బారెరో, బ్లూమ్ తదితరులు చేసిన అధ్యయనంలో ఇంటి నుంచి పనిచేసిన రోజున ఆదా అయ్యే సమయం సగటున 72 నిమిషాలు. భారత్‌లో అది 99 నిమిషాలు.

అయితే ఈ లెక్క నిలబడాలంటే ఒక షరతుంది: రెండు రోజుల హాజరు రేపూ రెండు రోజులే అన్న భరోసా.

3. అమెరికా అనుభవం

అమెరికాలో ప్రధానంగా ఇంటి నుంచే పనిచేసేవారు 2019లో 5.7 శాతం, 2021 నాటికి 17.9 శాతమని అక్కడి జనగణన సంస్థ తేల్చింది. డింగెల్, నీమన్ 2020లో వేసిన అంచనా ప్రకారం ఆ దేశపు ఉద్యోగాల్లో 37 శాతం పూర్తిగా ఇంటి నుంచి చేయదగ్గవి. ఆదాయం తక్కువున్న దేశాల్లో ఈ వాటా ఇంకా తక్కువ.

ఇళ్ల మీద దీని ప్రభావం రెండు రకాలుగా కనిపించింది. మొదటిది చోటు మార్పు. రమణి, బ్లూమ్ 2021లో దీనికి ‘డోనట్ ప్రభావం’ అని పేరుపెట్టారు. పెద్ద నగరాల వ్యాపార కేంద్రాల్లో గిరాకీ తగ్గి చుట్టూ ఉన్న శివార్లలో పెరిగింది. పటం మీద చూస్తే మన గారెలాగా మధ్యలో చిల్లు, చుట్టూ ఉబ్బు. రెండోది పరిమాణం. స్టాంటన్, తివారీ కొవిడ్‌కు ముందు కాలాన్ని, అంటే 2013–2017 మధ్య సంవత్సరాలను పరిశీలించారు. ఒకే ప్రాంతంలో ఉన్న ఒకేరకం కుటుంబాలను పోలిస్తే, ఇంటి నుంచి పనిచేసేవారు ఉన్న కుటుంబాల ఖర్చులో నివాసం వాటా ఇతరుల కంటే 7 శాతానికి పైగా అధికం. అంటే అదనపు చోటు మోజు మహమ్మారి రోజుల్లో పుట్టింది కాదు. ఇంటి నుంచి పని ఉన్న చోటల్లా అది ఉంది. మోండ్రగాన్, వీలాండ్ మరో అడుగు ముందుకేశారు. 2019 డిసెంబరు, 2021 నవంబరు మధ్య అమెరికాలో ఇళ్ల ధరలు 23.8 శాతం పెరగగా, అందులో సగానికి పైగా ఇంటి నుంచి పని వల్లేనని లెక్కగట్టారు.

చైనాలో నికలస్ బ్లూమ్ బృందం సీట్రిప్ అనే ప్రయాణ సంస్థలో చేసిన ప్రయోగం ఇంటి లోపలి ప్రశ్నకు దగ్గరగా వస్తుంది. 2015లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో ఇంటి నుంచి పనిచేసినవారి పనితీరు 13 శాతం మెరుగైందన్న మాటే అందరూ ఉటంకిస్తారు. ఆ ప్రయోగంలో చేరడానికి అర్హత ఏమిటన్నది మాత్రం అరుదుగా చర్చకొస్తుంది. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉండాలి, పనిచేసుకోవడానికి వేరే గది ఉండాలి. ప్రయోగం ముగిశాక ఎంపిక వాళ్లకే వదిలేస్తే సగం మంది ఆఫీసుకు తిరిగి వెళ్లారు; ఒంటరితనం ముఖ్య కారణాల్లో ఒకటి. ఆ 13 శాతం వెనుక ఒక గది ఉంది. గది లేని ఇంటికి ఆ ఫలితాన్ని అలాగే అన్వయించడం కుదరదు.

4. హైదరాబాద్: ఆఫీసే అంచున ఉన్న నగరం

అమెరికా నమూనాను హైదరాబాద్ మీద పరిచి చూస్తే మొదట తగిలే ఇబ్బంది భూగోళానిది. ఇక్కడి ఐటీ ఉద్యోగ కేంద్రం పాత నగరం నడిబొడ్డున లేదు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు మాదాపూర్ నగరానికి పడమటి అంచు. ఆ తర్వాత ఆఫీసులు గచ్చిబౌలికి, నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు, అక్కడి నుంచి కోకాపేట వైపు జరిగాయి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఈ జరుగుడుకు దారి వేసింది. ఆబిడ్స్, కోఠీల నుంచి ఆధునిక ఆఫీసు ఉద్యోగం బయటికి పోవడం కొవిడ్‌కు రెండు దశాబ్దాల ముందే మొదలైంది. ఖాళీ కావలసిన నడిబొడ్డు లేని చోట చిల్లు ఎక్కడ పడుతుంది? తెల్లాపూర్, నార్సింగి, కొల్లూరుల్లో పెరిగిన గిరాకీని ‘ఆఫీసుకు దూరంగా పోవడం’ అనలేం. అవి ఆఫీసుకు దగ్గరగా ఉన్న కొత్త అంచులు.

రెండోది భరోసా సమస్య. టీసీఎస్ 2020లో ‘25×25’ లక్ష్యం ప్రకటించింది: 2025 నాటికి ఏ సమయంలోనైనా తమ సిబ్బందిలో పాతిక శాతం మందే ఆఫీసులో ఉంటే చాలని. అదే సంస్థ 2023 అక్టోబరులో వారానికి ఐదు రోజులూ ఆఫీసుకు రమ్మంది. ఇది ఒక్క కంపెనీ కథ కాదు. ఐటీ రంగమంతా ఏదో ఒక మోతాదులో హాజరు పెంచుతూ వచ్చింది. 2021లో ఇల్లు కొనడానికి కూర్చున్న దంపతుల కోణంలో దీన్ని చూడాలి. వాళ్ల ముందున్న ఇంటి రుణం ఇరవై ఏళ్లది. హాజరు నిబంధన ఒక్క మెయిల్‌తో మారేది. ఇద్దరూ వేర్వేరు కంపెనీల్లో ఉంటే రెండు మెయిళ్లకు లోబడి బతకాలి. ఒకరికి ఐదు రోజుల హాజరు వచ్చినా దూరపు ఇంటి లెక్క తప్పుతుంది. పిల్లల బడి, పెద్దవాళ్లకు ఆసుపత్రి ఎలాగూ దగ్గరుండాల్సిందే.

ఇలాంటి అనిశ్చితిలో రెండు కొనుగోళ్లకు ఒకే విలువ ఉండదు. ఔటర్ అవతల చౌకగా కొన్న ఇల్లు హాజరు పెరగ్గానే భారమవుతుంది. అదే ఆఫీసులున్న ఐటీ కారిడార్‌లో ఇంకో గది ఉన్న ఫ్లాట్ కొంటే, హాజరు పెరిగినా ఆ గది పిల్లల చదువుకో, ఊరి నుంచి వచ్చే అమ్మానాన్నలకో పనికొస్తుంది. ఆఫీసు పిలుపు ఎలా మారినా అదనపు గది అక్కరకొస్తుంది. హైబ్రిడ్ గిరాకీ హైదరాబాద్‌లో దూరం కంటే గది రూపం తీసుకోవడానికి ఇదే మూలమని ఈ వ్యాసం ప్రతిపాదన. శంకర్‌పల్లి, షాద్‌నగర్ వైపు అమ్ముడయ్యే ఫామ్ ప్లాట్లు దీనికి విరుద్ధంగా కనిపించవచ్చు. కానీ వాటిలో చాలావరకు శనాదివారాల విడిదికో, పెట్టుబడికో కొన్నవి. రోజువారీ నివాసానికి కాదు.

మార్కెట్ అంకెలు ఈ ప్రతిపాదనను కొంత బలపరుస్తాయి, కొంత హెచ్చరిస్తాయి. స్థిరాస్తి సలహా సంస్థ అనరాక్ లెక్క ప్రకారం దేశంలోని ఏడు పెద్ద నగరాల్లో కొత్తగా కడుతున్న ఫ్లాట్ల సగటు విస్తీర్ణం 2022లో 1,175 చదరపు అడుగులు, 2023లో 1,300. 2023లో ఆ ఏడు నగరాల్లో అన్నిటికంటే పెద్ద ఫ్లాట్లు హైదరాబాద్‌వే, సగటు 2,000 చదరపు అడుగులకు పైమాటే. అయితే ఈ పెరుగుదల ఎప్పుడొచ్చిందో గమనించాలి. అది ఆఫీసులు తిరిగి పిలుస్తున్న 2023లో వచ్చింది. ఇంటి నుంచి పని ఒక్కటే కారణమైతే కాలక్రమం ఇలా ఉండదు.

మిగతా కారణాలు స్థానికమైనవి. 2012 నాటి జీవో 168 ప్రకారం హైదరాబాద్‌లో ఎఫ్ఎస్ఐ (స్థలం విస్తీర్ణానికి, కట్టే మొత్తం వైశాల్యానికి ఉండే నిష్పత్తి) పరిమితి లేదు. రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్‌లే భవనం ఎత్తును నిర్ణయిస్తాయి. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం గరిష్ఠంగా రూ. 100.75 కోట్లు పలికింది. అంత పెట్టి భూమి కొన్న బిల్డర్‌కు చిన్న ఫ్లాట్ల కంటే ఖరీదైన పెద్ద ఫ్లాట్లే గిట్టుబాటు. కాబట్టి కచ్చితంగా చెప్పదగ్గది ఇది: పెద్ద ఫ్లాట్లు కట్టడానికి బిల్డర్ దగ్గర వేరే కారణాలున్నాయి, కొనేవాడికి ‘ఇంకో గది ఎందుకు?’ అన్న ప్రశ్నకు ఇంటి నుంచి పని జవాబు ఇచ్చింది.

5. గది లోపల

గిరాకీ పెరిగినంత మాత్రాన పనికి తగిన గది రాదు. ఒక మామూలు రెండో పడకగదిని తీసుకుందాం: 10 అడుగుల వెడల్పు, 11 అడుగుల పొడవు. దాదాపు 10.2 చదరపు మీటర్లు; నివాస గదికి జాతీయ భవన నియమావళి 2016 అడిగే 9.5 చదరపు మీటర్ల కంటే ఎక్కువే. పది అడుగుల గోడ పొడవునా రెండడుగుల లోతు వార్డ్‌రోబ్ వస్తే మిగిలేది 10×9. మంచం 6×6.5 అడుగులు. తలవైపు పక్కగోడకు ఆనించి వేస్తే కాళ్లవైపు మూడున్నర అడుగులు మిగులుతుంది. అక్కడ రెండడుగుల టేబుల్ పెడితే మంచానికి, టేబుల్‌కు మధ్య అడుగున్నర. కుర్చీ వేసుకుని కూర్చోవడానికి, లేవడానికి కనీసం మూడడుగులు కావాలి. కాబట్టి ఆ గదిలో టేబుల్ వేసినా కూర్చునేది మంచం అంచునే. నిబంధన ప్రకారం గది సక్రమం; ఎనిమిది గంటల పనికి మాత్రం పనికిరాదు. నిద్రకు, చదువుకు ఒకే కొలత చాలనుకున్న నియమావళి అది.

మార్కెట్ దీనికి ఇచ్చిన జవాబు ‘టూ అండ్ హాఫ్ బీహెచ్‌కే’. బ్రోషర్‌లో ‘స్టడీ’ అని రాసిన సగం గది 6×8 అడుగులైతే 4.5 చదరపు మీటర్లు. రెండు గదుల ఇంట్లో రెండోది 7.5 చదరపు మీటర్లకు తగ్గకూడదన్న కొలతకు ఇది అందదు. తెలుగిళ్లలో ఈ సగం గదికి ముందే హక్కుదారులున్నారు: పూజ గది, సామాన్ల గది, వచ్చేపోయే చుట్టాల పెట్టెలు. ఈశాన్యం పూజకు కేటాయించాక పనికి మిగిలేది తరచూ కిటికీ లేని మూలే. ఇక బాల్కనీకి యూపీవీసీ అద్దాలు బిగించి ఆఫీసు చేసుకునే పద్ధతి ఒకటుంది. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం బాల్కనీ కార్పెట్ ఏరియాలోకి రాదు. అనుమతి పొందిన ప్లాన్‌లో అది గది కాదు. పడమటి ముఖం బాల్కనీ అయితే ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాల్లో అక్కడ కూర్చోవడం ఎవరి తరమూ కాదు.

గృహ కార్యాలయం గురించి వచ్చే సలహాల్లో ఎక్కువ భాగం పగటి వెలుతురు చుట్టూ తిరుగుతాయి: కిటికీకి వీపు పెట్టకండి, టేబుల్ కిటికీకి అడ్డంగా వేయండి. ఇవి సరైనవే; కిటికీ వెనకుంటే వీడియో కాల్‌లో ముఖం నల్లగా పడుతుంది. కానీ హైదరాబాద్ ఐటీ కుటుంబంలో కీలకమైన గంటలు చాలాసార్లు రాత్రివి. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదంటే మనకు వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. కాల్స్ మొదలయ్యేసరికి వంటింట్లో కుక్కర్ కూత, హాల్లో టీవీ, పిల్లల హోంవర్క్. అవి సద్దుమణిగే వేళకు పక్క గదిలో పిల్లలు నిద్రపోతుంటారు, ఈ గదిలో మాట్లాడటం సాగుతూనే ఉంటుంది. కాబట్టి మన గృహ కార్యాలయానికి కిటికీ కంటే ముందు కావలసింది శబ్దాన్ని ఆపే హద్దు.

శబ్దం ప్రధానంగా లీకయ్యేది తలుపు దగ్గర. లోపలి గోడలు నాలుగున్నర అంగుళాల ఇటుకతోనో తేలికపాటి బ్లాకులతోనో కట్టినా మాట చాలావరకు ఆగుతుంది. తేలికైన ఫ్లష్ డోర్, దాని కింద వేలెడు సందు ఆ గోడ చేసిన మేలునంతా పోగొడతాయి. అద్దాల స్లైడింగ్ తలుపు చూపుకు గదిని వేరు చేస్తుంది, చెవికి చేయదు. బరువైన తలుపు, కింద రబ్బరు సీల్, పిల్లల పడకగదితో ఉమ్మడి గోడ ఉంటే దాని మీద వార్డ్‌రోబ్: ఈ మూడూ ప్లాన్ దశలో పెద్ద ఖర్చు కావు. టేబుల్ మీద 300 నుంచి 500 లక్స్ వెలుతురు పడాలి. ఫాల్స్ సీలింగ్‌లో మెరిసే అలంకార దీపాలు ఆ పని చేయవు. రౌటర్‌కు ఇన్వర్టర్ కనెక్షన్, టేబుల్ ఎత్తులో ప్లగ్ పాయింట్లు గోడ చెక్కక ముందే ఆలోచించాలి. ఇంటీరియర్ పని పూర్తయ్యాక చేస్తే ప్రతిదానికీ రెట్టింపు ఖర్చు.

6. తలుపు ఎవరి చేతిలో

ఇల్లు పని చోటు కావడం తెలుగునాట కొత్త కాదు. పోచంపల్లిలో, మంగళగిరిలో మగ్గం ఇంట్లోనే ఉంటుంది. గుంట మగ్గానికి నేల తవ్వాలి, దానికి స్థిరమైన చోటు కావాలి. మగ్గం కదలదు కనుక ఇంటి నడకే దాని చుట్టూ అమరింది. ఇంటిల్లిపాదీ ఆ పనిలో ఏదో ఒక పాలు పంచుకున్నారు. లాప్‌టాప్ ఎక్కడైనా పెట్టుకోవచ్చు. ఆ వెసులుబాటు వల్లే దానికి ఏ చోటూ ఖాయం కాలేదు: పొద్దున డైనింగ్ టేబుల్, మధ్యాహ్నం మంచం, రాత్రి బాల్కనీ.

చోటు ఖాయం కానప్పుడు ఇంట్లో ఎవరి మాట నెగ్గితే గది వాళ్లది. జాతీయ గణాంక కార్యాలయం 2024 కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పని చేసే స్త్రీలు రోజుకు దాని మీద 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. పురుషులు 88 నిమిషాలు. 2019 సర్వేలో ఇవి 299, 97. మధ్యలో మహమ్మారి వచ్చిపోయినా ఇద్దరి మధ్య అంతరం దాదాపు అక్కడే ఉంది. ఇద్దరూ ఉద్యోగులై ఒకటే పని గది ఉన్న ఇంట్లో ఈ అంకెల అర్థం తేలిక. తలుపు వేసుకోగలిగేది గ్యాస్ మీద పాలు పెట్టని మనిషి. ‘అమ్మ మీటింగ్‌లో ఉంది’ అన్న మాట పిల్లలకు అడ్డు కావాలంటే మూసిన తలుపు కావాలి. హాల్లో కూర్చున్న అమ్మ ఎప్పుడూ అందుబాటులో ఉన్నట్టే లెక్క. అదనపు గది ఆదాయం ఉన్నవాళ్లకే అందుతోంది; ఆ ఇళ్లలో కూడా అది అందరికీ సమానంగా అందడం లేదు.

ఇళ్ల మధ్య అంతరం ఇంకా పెద్దది. 2011 జనగణన నాటికి దేశంలో 37.1 శాతం కుటుంబాలు ఒకే గదిలో, 31.7 శాతం రెండు గదుల్లో నివసిస్తున్నాయి. వేరే గదిని అర్హతగా పెట్టిన సీట్రిప్ ప్రయోగంలో వీళ్లలో అత్యధికులకు చోటు దొరికేది కాదు. కూకట్‌పల్లి హాస్టల్లో ముగ్గురితో గది పంచుకునే కొత్త ఉద్యోగికి కూడా.

7. సొంతూరి డాబా, అమెరికా చిరునామా

2020–21లో సొంతూళ్లకు వెళ్లినవాళ్లలో చాలామందికి దొరికిన ఆఫీసు మేడ మీది గది. మన పట్టణాల్లో దాన్నే పెంట్‌హౌస్ అంటారు. కింది గదుల సందడికి దూరం కాబట్టి నిశ్శబ్దం ఉంది; నేరుగా శ్లాబ్ కింద ఉంది కాబట్టి మండే వేడి కూడా ఉంది. విజయవాడ, కరీంనగర్ వేసవిలో ఏసీ లేకుండా అక్కడ పని సాగదు. ఏసీ పెడితే గృహ విద్యుత్ బిల్లు పై శ్లాబుకు ఎక్కుతుంది. సున్నం పూత, తెల్ల టైల్స్ లాంటి చల్లని పైకప్పులకు తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రత్యేక విధానం తెచ్చింది. దాని ప్రయోజనాల్లో ఈ మేడ గదుల ఆఫీసులనూ లెక్కలోకి తీసుకోవడం సబబు.

అమెరికాలోని తెలుగు ఉద్యోగుల విషయంలో దూరానికి మరో కళ్లెం ఉంది. హెచ్-1బీ వీసా మీద ఉన్నవారికి పనిచేసే చోటు దరఖాస్తులో భాగం. ఇంటి నుంచి పనిచేస్తే ఇల్లే పనిచోటు. 2015లో సిమియో అనే సంస్థ వీసా కేసులో వచ్చిన నిర్ణయం తర్వాత, ఆ మహానగర ప్రాంతం దాటి పనిచోటు మారితే సాధారణంగా యజమాని సవరణ దరఖాస్తు వేయాలి. అదే ప్రాంతంలో ఇల్లు మారితే మాత్రం ఆ అవసరం ఉండదు. కాలిఫోర్నియాలో ఉద్యోగం ఉంచుకుని టెక్సస్‌లో చౌకగా ఇల్లు కొనుక్కోవడం అమెరికా పౌరుడికి ఎంత తేలికో వీసా ఉద్యోగికి అంత తేలిక కాదు. ఇక్కడ కంపెనీ మెయిల్ చేసిన పనిని అక్కడ వీసా నిబంధన చేస్తోంది. రెండు చోట్లా మిగిలే దారి ఉన్న ప్రాంతంలోనే ఇంకో గది వెతుక్కోవడం.

8. విధాన సూచనలు

మొదటిది భవన నియమాల సంగతి. ‘స్టడీ’ అన్న పేరుతో అమ్మే ఏ గదికైనా కనీస వైశాల్యం, బయటికి తెరుచుకునే కిటికీ, మూసుకునే తలుపు ఉండాలని స్పష్టం చేయాలి. లేకపోతే దాన్ని సామాన్ల గదిగానే చూపాలి. రెరా కార్పెట్ ఏరియాకు నిర్వచనం ఇచ్చినా మార్కెట్ మాట ఇంకా సూపర్ బిల్టప్ చదరపు అడుగుల మీదే నడుస్తోంది. వార్డ్‌రోబ్, మంచం పోను ప్రతి గదిలో మిగిలే చోటును ప్రకటనలో చూపిస్తే కొనేవాడికి మోసపోయే అవకాశం తగ్గుతుంది.

రెండోది ఇంటికి, ఆఫీసుకు మధ్య చోటు. నిల్స్ సూచించిన ఉప కార్యాలయాల ఆలోచన ఇక్కడ అక్కరకొస్తుంది. ఆంధ్రప్రదేశ్ 2021లో ‘వర్క్ ఫ్రమ్ హోమ్ టౌన్’ ఆలోచనను ముందుకు తెచ్చింది. 2024 తర్వాతి ఐటీ విధానంలో పట్టణాల్లోనూ మండలాల్లోనూ పని కేంద్రాలకు ప్రోత్సాహకాలు చేర్చింది. తెలంగాణలో కరీంనగర్, ఖమ్మం, మహబూబ్‌నగర్, నిజామాబాద్ ఐటీ టవర్లు 2020–2023 మధ్య వచ్చాయి. ఇవి కంపెనీల కోసం కట్టిన భవనాలు. వాటిలో కొంత భాగం, అలాగే పెద్ద గేటెడ్ కమ్యూనిటీల క్లబ్‌హౌస్‌లలో కొన్ని గదులు, గంటల లెక్కన వ్యక్తులకు ఇచ్చే ఏర్పాటు ఉంటే, ఇంట్లో గది దక్కనివారికి, ముఖ్యంగా స్త్రీలకు, మూసిన తలుపు దొరుకుతుంది. రాత్రి షిఫ్టు కాబట్టి భద్రత, రవాణా కూడా ఇందులో భాగం కావాలి.

మూడోది ఖర్చు. ఆఫీసు అద్దె, కరెంటు, కుర్చీ, ఏసీ కంపెనీ ఖాతాలోంచి కుటుంబం ఖాతాలోకి మారాయి. పోర్చుగల్ 2021లో చేసిన చట్టం ఇంటి నుంచి పని వల్ల పెరిగిన ఖర్చును యజమాని భరించాలంటుంది. జర్మనీ ఇంటి నుంచి పనిచేసిన రోజుకు 6 యూరోల చొప్పున, ఏడాదికి 1,260 యూరోల వరకు, పన్ను లెక్కలో తగ్గింపు ఇస్తోంది. మన ఆదాయపు పన్నులో జీతగాడికి ఇంట్లోని పని గది పేరుతో విడిగా మినహాయింపు లేదు. హైబ్రిడ్ పని కొనసాగుతున్న కంపెనీల్లో ఈ భారాన్ని ఉద్యోగ ఒప్పందంలో రాసుకోవడం న్యాయం.

9. ముగింపు

ఇంటి నుంచి పని ఇళ్ల గిరాకీని మార్చింది. కానీ ఆ మార్పు ఎటు వెళ్తుందన్నది సాంకేతికత కంటే భరోసా మీద ఎక్కువ ఆధారపడింది. హాజరు నిబంధన మీద ఉద్యోగికి నమ్మకం ఉన్న చోట గిరాకీ దూరం వెళ్లగలదు. నమ్మకం లేని చోట అది పాత కారిడార్‌లోనే ఉండి గదిగా మారుతుంది, భూమి ధర మీద ఒత్తిడిని అక్కడే పెంచుతుంది. చిన్న పట్టణాలకు ఐటీ పనిని మళ్లించాలనుకునే ప్రభుత్వాలకు ఇందులో ఒక పాఠం ఉంది: టవర్ కట్టడం కంటే, ఎన్నేళ్ల పాటు ఎన్ని రోజుల హాజరు అన్నది కంపెనీల చేత ఒప్పందంగా రాయించడం జనాన్ని ఎక్కువగా కదిలించవచ్చు. ఈ ప్రతిపాదనను పరీక్షించడానికి దారి ఉంది. హాజరు నిబంధన ఒప్పందంలో ఉన్న ఉద్యోగులు, లేని ఉద్యోగులు కొన్న ఇళ్లను, ఆఫీసు నుంచి దూరం, గదుల సంఖ్య, పని గదికి తలుపు అన్న మూడు కొలతలతో పోల్చాలి. గదిలో ఎవరు కూర్చుంటున్నారన్న ప్రశ్న నాలుగోదిగా చేరకపోతే ఆ పోలిక సగమే అవుతుంది.